ఆవాజ్ ఒక దారి, తస్వీర్ ఒక దారి



నా రాయ్ ముందే చెప్పేస్తాను, దలీల్‌లు తర్వాత. ఇంట్లోని పాత నికా వీడియోను కొత్త ఫైలుగా మార్పించినప్పుడు మాట ఒక దారి, పెదవి ఒక దారి అయితే "పాతది కదా, చల్తా హై" అని వదిలేయకండి. అది లాఇలాజ్ మర్జ్ కాదు. చాలాసార్లు ఇంట్లోనే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చు. షర్త్ ఒక్కటే: అసలు టేపో, అసలు డిస్కో, ఫోన్‌లో తీసిన అసలు ఫైలో మన చేతిలో ఉండాలి. అసల్ పోయాక నకల్‌ను బాగుచేయడమంటే చెరిగిపోయిన రాతను అందాజాగా దిద్దడమే.

ఇంత చిన్న విషయానికి ఇంత జోరు ఎందుకని అడుగుతారేమో. ఒకసారి ఇంట్లోని సందూక్ తెరిచి చూడండి. మన ఖాందాన్‌లలో 80లు, 90లలో జరిగిన షాదీలకు ఒకటో రెండో వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటాయి. తర్వాతి షాదీలకు మినీ డీవీ, ఆ తర్వాత డీవీడీ. దాదా ఫోటోలు నాలుగైనా దొరుకుతాయి. దాదా ఆవాజ్ మాత్రం ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. షామియానా ముందు నిలబడి మెహమాన్లను "ఆయియే, తష్రీఫ్ రఖియే" అంటున్న ఆ పది సెకన్లే మనవలకు ఆయన గొంతు. ఆయన నోరు మూసుకున్నాక ఆ మాట వినిపిస్తే అది ఆయన మాటలా ఉండదు, ఎవరో డబ్బింగ్ చెప్పినట్టుంటుంది. నికాలో దుల్హా పెదవులు కదిలి ఆగిపోయి, రెండు సెకన్ల తర్వాత "కబూల్ హై" అని వినిపిస్తే చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిన ఘడియా అది?

మా రిష్తేదారుల ఇంట్లో జరిగింది చెబుతాను. మూడు క్యాసెట్లు ఒక దుకాన్‌లో ఇచ్చారు. వారం తర్వాత ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. మొదటి ఐదు నిమిషాలు చూశారు, మాషాఅల్లాహ్ బాగుందన్నారు, డబ్బు ఇచ్చేశారు. రాత్రి అందరూ కూర్చుని చూస్తుంటే ఖాజీ సాబ్ ఖుత్బా దగ్గరికొచ్చేసరికి ఆవాజ్ మూడు సెకన్లు తప్పింది. రుఖ్సతీ దగ్గర దుల్హన్ ఏడుపు ఆమె కారెక్కాక వినిపించింది. దుకాన్‌వాడిని అడిగితే "టేపు పాతది, అంతే వస్తుంది" అన్నాడు. క్యాసెట్లు వెనక్కి ఇమ్మంటే, పని అయిపోయింది కదా అని పారేశాడట. నాకు బాధ కలిగించింది ఆ మూడు సెకన్లు కాదు, ఆ పారేయడం. ఎందుకంటే ఆ మూడు సెకన్లు టేపులో లేవు. టేపు మీద బొమ్మ, శబ్దం ఒకే పట్టీ మీద, పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీసింది మార్పిడిలోని జల్దీ. నింద మాత్రం టేపు మీద పడింది.

"అర సెకను తేడా ఎవరికి తెలుస్తుంది భాయ్" అనేవాళ్లకు ఒక హిసాబ్. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో టీవీ ప్రసారాల కోసం ఇచ్చిన సిఫారసులో దీని లెక్క ఉంది. మాట పెదవి కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగట్టేస్తాడు. వెనకొస్తే మాత్రం సుమారు 125 మిల్లీసెకన్ల దాకా సర్దుకుంటాడు. సెకనుకు వెయ్యి మిల్లీసెకన్లు కాబట్టి అర సెకను అంటే 500. ఎవరికైనా తెలిసిపోతుంది.

ముందొస్తే ఎక్కువ, వెనకొస్తే తక్కువ చిరాకు ఎందుకు? ఖుద్రత్‌లోనే వెలుగు ముందు, శబ్దం తర్వాత. చెరువు అవతలి గట్టున ధోబీ బట్టను బండకేసి కొట్టడం ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆ తర్వాత వినిపిస్తుంది. 34 మీటర్ల దూరానికి సెకనులో పదోవంతు ఆలస్యం. మన మెదడుకు ఇది పుట్టినప్పటి నుంచి ఆదత్. చప్పుడు ముందొచ్చి దెబ్బ తర్వాత కనిపించడం మాత్రం ఏ గట్టునా జరగదు. అందుకే అది వెంటనే గలత్ అనిపిస్తుంది.

ఇప్పుడు ఇలాజ్ సంగతి. హకీమ్ నబ్జ్ చూడకుండా దవా ఇవ్వడు. మన పిల్లలు మాత్రం ఆవాజ్ తప్పిందనగానే ఇంకో కన్వర్టర్ దించుకుని, చెడిన ఫైలునే మళ్లీ మారుస్తారు. అది జ్వరం ఉన్నవాణ్ణి ఇంకో మంచం మీదికి మార్చడమే. బొమ్మ ఇంకాస్త మసకబారుతుంది, తేడా అలాగే ఉంటుంది.

మొదట, తప్పు ఫైలుదేనా అని చూడండి. బ్లూటూత్ స్పీకరో, ఇయర్‌ఫోనో పెట్టుకుని ఉంటే తీసేయండి. వాటిలో శబ్దం కాస్త ఆలస్యంగా రావడం మామూలే. టీవీలో తప్పితే కంప్యూటర్‌లో చూడండి, ఒక ప్లేయర్‌లో తప్పితే ఇంకోదానిలో చూడండి. అన్నిచోట్లా తప్పితేనే మర్జ్ ఫైలులో ఉన్నట్టు.

తర్వాత మూడు చోట్ల నబ్జ్ చూడాలి: మొదట్లో, మధ్యలో, చివర్లో. దేన్ని చూడాలి? ప, బ, మ. ఈ మూడు అక్షరాలకూ పెదవులు మూసుకోక తప్పదు. మన షాదీ వీడియోల్లో "ముబారక్" అన్న మాట వందసార్లు వినిపిస్తుంది. అందులో మ ఉంది, బ ఉంది. "కబూల్"లోనూ బ ఉంది. పెదవి మూసుకున్న క్షణం, ఆ అక్షరం వినిపించిన క్షణం ఒకటేనా అని చూడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇ మీట నొక్కితే బొమ్మ ఒక్కొక్క ఫ్రేమ్ చొప్పున కదులుతుంది. మన దేశపు పాత వీడియోల్లో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. విండోస్ కంప్యూటర్‌లో అదే ప్లేయర్‌లో జె, కె మీటలు నొక్కితే ఆవాజ్ ఒక్కోసారి 50 మిల్లీసెకన్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. కలిసేదాకా నొక్కి, ఎంత జరిగిందో కాగితం మీద రాసుకోండి. ఇది చూడటం వరకే, ఫైలు ఏమీ మారదు.

ఆ కాగితమే మర్జ్ ఏదో చెబుతుంది.

మూడు చోట్లా ఒకటే తేడా ఉంటే అన్నిటికన్నా ఆసాన్. ఆవాజ్ మొత్తం ఒకే కొలతలో పక్కకు జరిగిందంతే. దీనికి మళ్లీ కన్వర్ట్ చేయాల్సిన పనే లేదు. ఎమ్‌కేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ట్రాక్‌ను ఎంచుకుని, ఎన్ని మిల్లీసెకన్లు జరపాలో రాస్తే చాలు. బొమ్మను, శబ్దాన్ని ముట్టుకోకుండా జరిపి కొత్త ఫైలు ఇస్తుంది. నిమిషాల పని.

మొదట్లో సరిగా ఉండి, పోనుపోను తేడా సమానంగా పెరిగితే అది వేగం తప్పు. గడియారం రోజూ కొంచెం వెనకబడ్డట్టు. గంటకు ఎంత తప్పిందో చూస్తే జాడ దొరుకుతుంది. గంటకు 3.6 సెకన్లయితే, 29.97 ఫ్రేముల వీడియోను ఎవరో 30 అనుకున్నారన్నమాట. మన దేశంలో, గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల నడిచింది పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు 29.97. చికాగో నుంచి మామూ తెచ్చిన క్యామ్‌కార్డర్‌తో తీసిన వలీమా వీడియోకు, కర్నూలు ఫోటోగ్రాఫర్ తీసిన నికా వీడియోకు లెక్క వేరు. రెండూ కలిపి ఒకే డిస్కు చేయమంటే తెలియనివాడు గందరగోళం చేస్తాడు. అదే గంటకు రెండు నిమిషాల 24 సెకన్ల దగ్గర తప్పితే 24, 25ల మధ్య జరిగిన పొరపాటు.

ఇక్కడ నా పట్టుదల ఒకటి: బొమ్మ వేగం తప్పయితే బొమ్మనే సరిచేయండి, ఆవాజ్‌ను లాగకండి. చాలామంది ఆడియోను సాగదీసి బొమ్మకు తగిలిస్తారు. స్పీడు మారిస్తే గొంతు స్థాయి కూడా మారుతుంది. నాలుగు శాతం వేగం పెరిగినా మగగొంతు సన్నబడుతుంది. దాదా ఆవాజ్ దాదాది కాకుండా పోయాక పెదవి కలిస్తే ఏమిటి, కలవకపోతే ఏమిటి? శబ్దమే తప్పిందని ఖచ్చితంగా తేలినప్పుడు ఆడాసిటీలో స్పీడ్ అన్న మార్పుకు, టెంపో అన్న మార్పుకు ఫర్క్ తెలుసుకుని చేయండి. మొదటిది గొంతును మారుస్తుంది. రెండోది గొంతు స్థాయిని అలాగే ఉంచి నిడివిని మారుస్తుంది.

మూడోది ముష్కిల్ మర్జ్. కాసేపు సరిగా ఉండి, ఒకచోట టక్కున తప్పుతుంది, మళ్లీ కాసేపటికి ఇంకొంచెం. పాత వీహెచ్ఎస్‌లో ఇదే ఎక్కువ. టేపు నలిగినచోట, బూజు పట్టినచోట సిగ్నల్ బలహీనమైతే కంప్యూటర్ కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. ఆవాజ్ మాత్రం ఆగకుండా నడుస్తుంది. పాతిక ఫ్రేములు పోతే ఒక సెకను పోయినట్టే. దీన్ని మొత్తంగా సాగదీస్తే ఒకచోట కలిసి రెండుచోట్ల చెడుతుంది. ఇలాంటప్పుడు సహీ ఇలాజ్ మళ్లీ టేపు నుంచి ఎక్కించడమే. వీసీఆర్ హెడ్ శుభ్రం చేయాలి, కంప్యూటర్‌లో వేరే పనులన్నీ ఆపాలి, వీలైతే సిగ్నల్‌ను నిలకడగా ఉంచే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న పరికరం వాడాలి. బొమ్మ ఒక కార్డు నుంచి, శబ్దం వేరే సౌండ్ కార్డు నుంచి తీయకూడదు. రెండు పరికరాల్లో రెండు గడియారాలుంటాయి, అవి ఎప్పటికీ పూర్తిగా కలవవు. టేపు లేకపోతే ఇక తప్పినచోటల్లా ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ విడిగా కలపాలి. మూడు గంటల వీడియోకు అది రోజుల తరబడి సబర్ కావాల్సిన పని.

డీవీడీలదీ ఇలాంటి సంగతే. డిస్కు లోపల వీడియో సుమారు ఒక్కో జీబీ చొప్పున ముక్కలుగా ఉంటుంది. పిల్లలు ఆ ముక్కలను విడివిడిగా కన్వర్ట్ చేసి అతికిస్తారు, అతుకు దగ్గర ఆవాజ్ తప్పుతుంది. ముక్కలు కాదు, డిస్కులోని టైటిల్‌ను మొత్తంగా ఒకే ఫైలుగా తీసే సాఫ్ట్‌వేర్ వాడండి. మేక్‌ఎమ్‌కేవీ అలాంటిదే.

ఇప్పటి షాదీలకు ఇంకో మర్జ్ వచ్చింది. ఫోన్‌లో తీసిన వీడియోకు చాలాసార్లు ఫ్రేముల లెక్క స్థిరంగా ఉండదు. వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తానే ఫ్రేములు తగ్గిస్తుంది. రాత్రి మెహందీ రసమ్‌లో ఇదే జరుగుతుంది. ఫోన్‌లో చూస్తే అంతా బాగుంటుంది. ఎడిటింగ్‌లోకి తేగానే, సెకనుకు 30 చొప్పున ఉన్నాయని లెక్కేసే సాఫ్ట్‌వేర్ దగ్గర తేడా మొదలవుతుంది. మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ అన్నచోట వేరియబులా, కాన్‌స్టంటా అని చెబుతుంది. వేరియబుల్ అయితే, కోతలు మొదలుపెట్టక ముందే హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని ఒక నకల్ తీసి, ఆ నకల్ మీద పని చేయండి. అసల్ అలాగే ఉండనివ్వండి. వాట్సాప్‌లో చుట్టాలకు పంపేటప్పుడు కూడా వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అది కుదించకుండా ఉన్నదున్నట్టు వెళ్తుంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన సవాల్ ఒకటుంది, ఎవరూ అడగరు: అసలు కన్వర్ట్ చేయాల్సిన జరూరత్ ఉందా? ఎమ్‌కేవీ ఫైలు టీవీలో ఆడటం లేదని మొత్తం వీడియోను గంటల తరబడి మళ్లీ మరిగిస్తారు. చాలాసార్లు లోపలి బొమ్మ, శబ్దం టీవీకి అర్థమయ్యేవే, బయటి డబ్బానే వేరు. బిర్యానీని ఒక దేగ్ నుంచి ఇంకో దేగ్‌లోకి మార్చడానికి మళ్లీ వండక్కర్లేదు కదా. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో కాపీ పద్ధతి అలాంటిదే: లోపలిది ముట్టుకోకుండా డబ్బా మారుస్తుంది. బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గదు, ఆవాజ్ తప్పే అవకాశమూ చాలా తక్కువ.

ఇదంతా దుకాన్‌వాళ్ల పని, మనకెందుకు అంటారా? మన ఇళ్లకు సంబంధించిన ఒక మాట ఉంది. షాదీ వీడియోల్లో సగం జనానా వైపుది. అమ్మీలు, ఖాలాలు, ఫూఫీలు బురఖా తీసి, ఇంట్లోవాళ్ల మధ్య ఉన్నామన్న భరోసాతో నవ్వుకుంటూ, డోలక్ వాయిస్తూ ఉన్న తస్వీర్లవి. ఆ క్యాసెట్లు బయటికివ్వడం ఇష్టం లేకే ఎన్నో ఇళ్లలో అవి సందూక్‌లో ఉండిపోయి బూజు పడుతున్నాయి. ఇచ్చినవాళ్లలో ఎంతమంది, పని అయ్యాక కంప్యూటర్‌లోని నకల్ తీసేశారా అని అడిగారు? ఈ ఇల్మ్ ఇంట్లోకి రావాలని నేను జోరుగా చెప్పేది అందుకే. అదీ ముఖ్యంగా ఆడపిల్లలకు. ఇంటర్, డిగ్రీ చదివే బేటీలకు కంప్యూటర్ కొత్త కాదు. నానీ షాదీ వీడియోను మనవరాలే కూర్చుని సరిచేస్తే పర్దా నిలుస్తుంది, వీడియో బతుకుతుంది, పక్కన కూర్చున్న నానీ "అదిగో, ఆ పచ్చ దుపట్టా మా ఆపా" అని పేర్లు చెబుతుంది. ఆ పేర్లు ఏ దుకాన్‌లోనూ దొరకవు.

దుకాన్‌వాళ్లందరినీ గలత్ అనడం నా ఇరాదా కాదు. శ్రద్ధగా చేసేవాళ్లున్నారు. వీసీఆర్ లేని ఇంటికి వాళ్లే దిక్కు. జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. ఉన్న మిషన్లు అరిగిపోతున్నాయి, బాగుచేసే మేస్త్రీలు తగ్గిపోతున్నారు. కాబట్టి ఇస్తే ఇవ్వండి, మాట తీసుకుని ఇవ్వండి. ఏ ఫ్రేమ్ రేట్‌తో ఎక్కిస్తారని అడగండి. టేపులు వాపస్ ఇవ్వాలని ముందే చెప్పండి. నకల్ తీసేయమనండి. డబ్బు ఇచ్చే ముందు మొదటి ఐదు నిమిషాలు కాదు, చివరి ఐదు నిమిషాలు చూడండి. రుఖ్సతీలో మాట, పెదవి కలిస్తే నికాలోనూ దాదాపు కలిసినట్టే. మధ్యలో రెండుచోట్ల ఆపి చూస్తే ఆ షక్ కూడా తీరుతుంది.

"ఇవన్నీ ఎవరు చూస్తారు, మన పిల్లలు అర నిమిషం వీడియోలు తప్ప చూడరు" అని ఒక దోస్త్ అన్నాడు. సచ్ కావచ్చు. ఇవాళ చూడరు. ఇంట్లో ఒక జనాజా లేచాక అదే పిల్లలు ఆ ఫైలు ఎక్కడుందని వెతుకుతారు. అప్పుడు వాళ్లకు కావాల్సింది రంగులు కాదు, హెచ్‌డీ కాదు. ఆ మొహం, ఆ మాట ఒక్కసారి కలిసి కనిపించాలి, అంతే. దానికోసం మనం చేయాల్సింది ఇప్పుడే చేయాలి.

పాత టేపు మన సొత్తు కాదు, ముందువాళ్లు మన దగ్గర ఉంచిన అమానత్. ఫైలు వచ్చిందని అమానత్‌ను చెత్తలో వేయకండి. క్యాసెట్లను పుస్తకాల్లా నిలువుగా, తడి తగలనిచోట పెట్టండి. వాటి మీద ఎవరి షాదీ, ఏ సాల్, ఏ ఊరు అని రాయండి. తీసిన ఫైలును రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఈ ఇతవార్ ఒక గంట తీరిక చేసుకుని సందూక్ తెరవండి. మీ ఇంట్లో ఏ క్యాసెట్ దొరికిందో, ఏ మర్జ్ కనిపించిందో కింద రాస్తే తెలిసినంతలో జవాబిస్తాను.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.